ఇంజిన్ లైట్ వస్తుంది, పోతుంది, పికప్ పడిపోతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ లైట్ వెలిగి అలాగే ఉండిపోతే మెకానిక్ పని సులువు. తంటా అంతా వచ్చి పోయే లైటుతోనే. హైవే మీద లారీని దాటబోతుంటే డాష్‌బోర్డు మీద పసుపు లైట్ వెలుగుతుంది, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి నీరసపడిపోతుంది. పక్కకు ఆపి, తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పరిగెడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ ఛస్తే రాదు. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటి నొప్పి తగ్గిపోయినట్టు ఉంటుంది.

నా పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌తో ఏడు నెలలు ఇదే అవస్థ పడ్డాను. అప్పుడు నేర్చుకున్నదీ, తర్వాత చుట్టాల బండ్లు, స్నేహితుల బండ్లు చూస్తూ నేర్చుకున్నదీ కలిపి, నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాను. చేతికి గ్రీజు అంటితే బాధపడని కారు ఓనర్‌ని.

అసలు ఆ పసుపు లైట్ ఏం చెబుతోంది?

ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను ఈసీయూ అంటారు. గాలి ఎంత వస్తోంది, ఇంధనం ఎంత ప్రెషర్‌లో ఉంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని అది సెన్సార్ల ద్వారా క్షణక్షణం చూసుకుంటూ ఉంటుంది. వచ్చిన లెక్క తనకు తెలిసిన హద్దుల్లో లేకపోతే ఒక కోడ్ రాసుకుని లైట్ వేస్తుంది. ఆ కోడ్ చదివే పరికరం స్కానర్. దాన్ని తగిలించడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే పద్ధతి) తప్పనిసరి చేశారు కాబట్టి, ఆ తర్వాత తయారైన కార్లను చాలావరకు ఈ పద్ధతిలో చదవొచ్చు.

ఇంకో మాట. తాళం ఆన్ చేయగానే ఈ లైట్ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినప్పుడు తాళం తిప్పినా ఆ లైట్ వెలగకపోతే, ఎవరో దాని నోరు నొక్కేశారేమోనని అనుమానించండి.

లైట్ వస్తే బండి ఆపేయాలా, నడపొచ్చా?

పసుపు లైట్ నిలకడగా వెలిగితే కంగారు పడకుండా ఎడమ పక్కకు వచ్చి, మెల్లగా ఇంటికో షెడ్డుకో వెళ్లొచ్చు. అదే లైట్ టపటపా కొట్టుకుంటుంటే విషయం వేరు. పెట్రోల్ బండిలో అది గట్టి మిస్‌ఫైర్‌కు, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా అంటుకోకపోవడానికి గుర్తు. సిలిండర్‌లో కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ కన్వర్టర్ ఖరీదు ముందు, మిస్‌ఫైర్‌కు తరచుగా కారణమయ్యే ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్‌కు కరెంటు ఇచ్చేది) ఖరీదు ఏ మూలకూ రాదు. వెంటనే యాక్సిలరేటర్ వదిలి, వీలైతే ఆపేయండి.

నూనె డబ్బా బొమ్మ గానీ టెంపరేచర్ బొమ్మ గానీ ఎర్రగా వెలిగితే ఈ పేజీ చదువుతూ కూర్చోకండి. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి.

పికప్ ఒక్కసారిగా ఎందుకు పోతుంది? ఇంజిన్ చెడిపోయినట్టా?

చాలాసార్లు ఇంజిన్‌కు ఏమీ కాదు. లెక్క తేడా వచ్చిందని ఈసీయూయే బలాన్ని తగ్గించేస్తుంది. ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో ప్రెషర్ కోస్తుంది, ఇంధనం కోస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు, అంటే కుంటుతూ ఇల్లు చేరే ఏర్పాటు. చాలా బండ్లు అప్పుడు 2,500, 3,000 ఆర్‌పీఎం దాటవు.

ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బలం తిరిగొచ్చిందా? అదే మీ చేతికి దొరికిన మొదటి ఆధారం. ఏదైనా పూర్తిగా పాడైపోయి ఉంటే తాళం తిప్పినంత మాత్రాన చాలాసార్లు బాగుపడదు కదా. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈసీయూ కొత్తగా లెక్క మొదలుపెడుతుంది, తేడా మళ్లీ కనబడే దాకా పూర్తి బలం ఇస్తుంది. స్టార్ట్ చేశాక కూడా నీరసంగానే ఉంటే, లేదా వారం వారం కొంచెం కొంచెంగా దిగజారుతుంటే, మూసుకుపోయిన ఫిల్టర్ల వైపు, కన్వర్టర్ వైపు చూడాలి.

లైట్ దానంతటదే ఆరిపోయింది. పీడ వదిలినట్టేనా?

లేదు. చాలా రకాల లోపాలకు ఈసీయూ మొదటిసారే లైట్ వేయదు. వరసగా రెండు ట్రిప్పుల్లో తేడా కనబడితేనే వేస్తుంది. అలాగే వరసగా మూడు ట్రిప్పుల్లో తేడా రాకపోతే లైట్ ఆర్పేస్తుంది. కానీ కోడ్ మాత్రం మెమరీలో ఉంటుంది. సాధారణంగా ఇంజిన్ చల్లగా మొదలై పూర్తిగా వేడెక్కే సందర్భాలు 40 దాకా గడిచాకే చెరిగిపోతుంది. అంటే లైట్ ఆరిన వారం తర్వాత స్కానర్ పెట్టినా ఆధారం దొరుకుతుంది. "లైట్ వెలుగుతున్నప్పుడే తీసుకురండి సార్" అని మెకానిక్ అంటే అతను స్కానర్ తీయడానికి బద్ధకిస్తున్నాడని అర్థం.

మెకానిక్ కోడ్ డిలీట్ చేసి పంపించాడు. సమస్య తీరినట్టేనా?

దొంగతనం జరిగిన ఇంటిని పోలీసులు రాకముందే ఊడ్చి, తడిబట్ట పెట్టినట్టు అది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. ముందు స్కానర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిలీట్ చేయడం ఆ తర్వాతి పని.

ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే ఏమిటి?

లోపం పట్టుబడిన క్షణంలో బండి ఎలా ఉందో ఈసీయూ తీసి పెట్టుకున్న ఫొటో అనుకోండి. ఆర్‌పీఎం, స్పీడు, ఇంజిన్ మీద లోడు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ అందులో ఉంటాయి. వచ్చి పోయే జబ్బుకు దీన్ని మించిన సాక్షి లేదు.

స్పీడు 85, ఆర్‌పీఎం 2,400, లోడు 90 శాతం పైన, కూలెంట్ 88 డిగ్రీలు అని ఉంటే వేడెక్కిన ఇంజిన్‌ను గట్టిగా తొక్కినప్పుడు వచ్చిన తేడా అది. టర్బో పైపులు, ఇంధన ప్రెషర్ ముందు చూడాలి. స్పీడు సున్నా, కూలెంట్ 30 డిగ్రీలు అని ఉంటే పొద్దున్నే చల్లటి స్టార్టింగ్‌లో వచ్చింది, దారి పూర్తిగా వేరు. ఈ నాలుగు అంకెలు చూడకుండా "సెన్సార్ పోయింది" అని ఎవరు చెప్పినా నేను నమ్మను.

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానర్ పనికొస్తుందా?

కోడ్ చదవడానికి, ఫ్రీజ్ ఫ్రేమ్ చూడటానికి, బండి నడుస్తుండగా అంకెలు రికార్డు చేయడానికి బాగానే పనికొస్తుంది. ఈఎల్ఎం327 పేరుతో దొరికేవి ఇవే. మరీ చవక నకళ్లు మధ్యలో కనెక్షన్ తెంచుకుంటాయి. కంపెనీలు సొంతంగా పెట్టుకున్న కోడ్‌ల అర్థం వీటికి అన్నిసార్లూ తెలియదు. అలాంటప్పుడు పెద్ద స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లాల్సిందే. వాడాక పీకేయండి. రోజుల తరబడి సాకెట్‌లో వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది. నడుపుతూ ఫోన్ చూడొద్దు, పక్క సీట్లో వాళ్లకు ఇవ్వండి.

కోడ్‌లో ఫలానా సెన్సార్ పేరు వచ్చింది. అది మార్చేస్తే సరిపోతుందా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. కోడ్ ఇచ్చేది వీధి పేరు, ఇంటి నంబరు మనం వెతుక్కోవాలి.

నా బండిలో వచ్చింది పి0299. ఈసీయూ అడిగినంత టర్బో ప్రెషర్ రావడం లేదని దాని అర్థం, అంతకు మించి అందులో ఏమీ లేదు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద 80 దాటి, నలుగురం కూర్చుని, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే వచ్చేది. ఊళ్లో నెల తిప్పినా వచ్చేది కాదు. మొదటి షెడ్డులో ఎయిర్ ఫిల్టర్ మార్చారు. రెండో చోట ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సార్ మార్చారు. రెండు వారాలు బాగుంది, ఎందుకంటే ఆ రెండు వారాలూ నేను హైవే ఎక్కలేదు! మూడో చోట టర్బో పోయింది, అరవై వేలు అవుతుంది అన్నారు. సరేననడానికి కూడా సిద్ధపడ్డాను.

డబ్బు సర్దుకునే లోపు మా బావమరిది తనకు తెలిసిన ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన స్కానర్ తీయకముందే, "ఇటు రా బాబూ, ఈ పైపు కింద వేలు పెట్టు" అన్నారు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు హోస్ అది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. అడుగున వేలికి జిడ్డు తగిలింది. టర్బో పైపుల్లో కొద్దిగా ఆయిల్ తేమ ఉండటం మామూలే, ఆ ఆయిల్ పైపు బయటికి వచ్చిందంటే మాత్రం ఎక్కడో సందు ఉందన్నమాట. హోస్ విప్పి వంచి చూపించారు. అడుగున గోరంత చీలిక. మామూలుగా మూసుకునే ఉంటుంది. వేడికి రబ్బరు మెత్తబడి, లోపల ప్రెషర్ పెరిగినప్పుడు నోరు తెరుస్తుంది. ఎక్కువ లోడులోనే ఎందుకు వచ్చేదో, షెడ్డులో ఎందుకు వచ్చేది కాదో అప్పుడు అర్థమైంది.

కాబట్టి పి0299 వస్తే ఈ వరసలో చూడమంటాను: హోస్‌లు, వాటి క్లిప్పులు, టర్బో యాక్చుయేటర్‌కు (టర్బో ప్రెషర్‌ను అదుపు చేసే భాగం) వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ పైపులు, ఎయిర్ ఫిల్టర్, యాక్చుయేటర్ కడ్డీ సాఫీగా కదులుతోందా లేదా, మసి పట్టిన మ్యాప్ సెన్సార్. టర్బో అన్నిటికన్నా చివర. చాలా షెడ్డుల్లో వరస తలకిందులుగా ఉంటుంది.

మ్యాప్ సెన్సార్ మంచిదో కాదో మార్చకుండా తెలుసుకోవచ్చా?

తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో ఆ అంకె చూడండి. అప్పుడు అది కొలిచేది బయటి గాలి ప్రెషర్‌నే. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున దాదాపు 101 కిలోపాస్కల్స్ రావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి 95 దగ్గర చూపిస్తుంది. మరీ తేడాగా 80 అనో 120 అనో చూపిస్తే సెన్సార్‌నో దాని వైరునో అనుమానించాలి. ఖర్చు లేని పరీక్ష, అర నిమిషం పని.

నాది డీజిల్ బండి. ఇంకా ఏమేం చూడాలి?

ఈజీఆర్ వాల్వ్ మొదటి అనుమానితుడు. కాలిన పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్ అది. ఊళ్లో తక్కువ స్పీడులో తిరిగే బండ్లలో మసి గట్టిపడి, ఒకసారి ఇరుక్కుంటుంది, ఒకసారి వదులుతుంది. అలా ఇరుక్కుని వదిలే గుణం వల్లే లైట్ కూడా వచ్చి పోతుంది. పి0401 లాంటి కోడ్‌లు కనబడొచ్చు. విప్పి శుభ్రం చేయిస్తే చాలావరకు తేరుకుంటుంది.

తర్వాత డీజిల్ ఫిల్టర్. పి0087 అంటే కామన్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, ప్రెషర్ పడిపోతోందని. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తున్నప్పుడు, చాలా ఇంజిన్లకు రైల్ ప్రెషర్ 250, 300 బార్ చుట్టుపక్కల ఉంటుంది, గట్టిగా తొక్కితే వెయ్యి దాటుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్ ఐడిల్‌కు సరిపడా డీజిల్ ఇస్తుంది గానీ ఓవర్‌టేక్‌కు ఇవ్వలేదు. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తీయించారా అని సర్వీసులో అడగండి. బిల్లులో రాసి ఉంటుంది, పని జరిగి ఉండకపోవచ్చు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ అయితే డీపీఎఫ్ కూడా ఉంటుంది. పొగలోని మసిని పట్టి, వేడితో కాల్చుకునే ఫిల్టర్ అది. రోజూ పిల్లలను స్కూల్లో దించి రావడానికే వాడితే దానికి కాల్చుకునేంత వేడి దొరకదు. డీపీఎఫ్ లైట్ వస్తే బండి మాన్యువల్‌లో చెప్పినట్టు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట ఒకే స్పీడులో 20 నిమిషాలు నడపండి. అప్పటికీ ఆరకపోతే సర్వీస్ సెంటర్‌లో స్కానర్‌తో కాల్పించాలి. ఆలస్యం చేస్తే డీపీఎఫ్ మొత్తం మార్చాల్సి రావచ్చు.

పెట్రోల్ బండి అయితే?

ఇగ్నిషన్ కాయిల్స్, స్పార్క్ ప్లగ్గులు. పి0301 అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్, పి0303 అంటే మూడో దానిలో. ప్రతి సిలిండర్‌కు విడి కాయిల్ ఉంటే ఒక తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి చల్లబడ్డాక, మూడో కాయిల్‌ను రెండో చోట, రెండో దాన్ని మూడో చోట పెట్టి నడపండి. ఈసారి పి0302 వస్తే కాయిల్ పోయినట్టు, జబ్బు దానితో పాటు నడిచింది. మళ్లీ పి0303యే వస్తే ప్లగ్గో ఇంజెక్టరో వైరో చూడాలి. రూపాయి ఖర్చు లేదు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రోటిల్ బాడీకి పట్టిన మడ్డి, ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడల్ కూడా ఇలాంటి వేషాలు వేస్తాయి. పెడల్‌లో ఉండే రెండు సెన్సార్లూ ఒకే మాట చెప్పాలి. పి2138 వచ్చిందంటే రెండూ రెండు మాటలు చెబుతున్నాయని. ఆ మరుక్షణం బండి బలం కోసేస్తుంది. సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అయితే ముందు రెండు రోజులు పెట్రోలు మీదే నడిపి చూడండి. లైట్ రాకపోతే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయినట్టే.

వానలోనే వస్తుంది. ఎండలోనే వస్తుంది. గతుకుల్లోనే వస్తుంది. దీనికేమైనా అర్థం ఉందా?

చాలా ఉంది. వానకు వస్తే కాయిల్స్, నీళ్లు దిగిన కప్లర్లు (వైర్లు కలిసే ప్లగ్గులు). గతుకుకు వస్తే వదులైన కప్లర్, ఒరుసుకుపోయిన వైరు, పట్టు తప్పిన ఎర్త్. రెంటచింతల ఎండలో గంట నడిపాక ఇంజిన్ ఆగిపోయి, అరగంట చెట్టు నీడన పెడితే మళ్లీ స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సార్‌ను (ఇంజిన్ తిరగడాన్ని కొలిచేది), ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపును అనుమానించాలి, వేడికి తెగి చల్లబడ్డాక కలిసే రకం అవి. తిరుమల ఘాట్ ఎక్కుతుంటేనో అరకు ఘాట్‌లోనో వస్తే గాలీ ఇంధనమూ సరిపోవడం లేదు.

ఐడిల్‌లో పెట్టి వైరింగ్ ఒక్కో కప్లర్ దగ్గర మెల్లగా కదిలిస్తే ఒక్కోసారి అక్కడే దొరికిపోతుంది. బెల్టులు, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకండి.

ఎలుకలు కొరికి ఉంటాయా?

ఉంటాయి. వారం రోజులు కదలని బండి బానెట్ కింద వాటికి కల్యాణ మండపమే. సగం కొరికిన వైరు నడిచినన్నాళ్లు నడుస్తుంది, అందుకే జబ్బు వచ్చి పోతుంది. టార్చ్ వేసి తవుడు, గుడ్డ పీలికలు, ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడండి.

బ్యాటరీ వల్ల కూడా వస్తుందా?

వస్తుంది, అదీ సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి గుంపుగా వస్తే ముందు చూడాల్సింది బ్యాటరీనే. రాత్రంతా ఆపిన బండిలో 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినల్స్ బిగువు, బాడీకి కలిసే ఎర్త్ వైరు చూడండి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే రావడం లేదు. ఎలా నమ్మించాలి?

చీటీ రాయండి. తేదీ, టైము, స్పీడు, ఎన్నో గేరు, ఏసీ ఉందా, ఎంతమంది ఉన్నారు, ట్యాంకులో ఎంత ఉంది, స్టార్ట్ చేసి ఎంతసేపైంది. ఐదారు సార్లు రాస్తే మీకే ఒక పోలిక కనబడుతుంది. పక్కన కూర్చున్న వాళ్లతో డాష్‌బోర్డు వీడియో తీయించండి. ఆ తర్వాత మెకానిక్‌నే పక్కన కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి, లైట్ వచ్చే రోడ్డు మీదికే తీసుకెళ్లండి. ఆ గంటకు డబ్బులు ఇవ్వడానికి వెనకాడకండి. అక్కర్లేని సెన్సార్ కన్నా చవక. పార్ట్ మార్చాలంటే "ఇదే పోయిందని ఎలా తేల్చావు అన్నా?" అని మర్యాదగా అడగండి.

ఈజీఆర్ మూసేస్తాం, డీపీఎఫ్ తీసేస్తాం అంటున్నారు. చేయించాలా?

వద్దు. పొగ నిబంధనలకు విరుద్ధం, వారంటీ పోతుంది, ఆ పొగ పీల్చేది మన వీధిలో వాళ్లే.

ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు?

చీలిన పైపును ఏ సీసా అతికించదు.

ఇంట్లో నేను ముట్టుకోకూడనివి ఏమైనా ఉన్నాయా?

డీజిల్ ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులు వదులు చేయకండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ మీద కార్బురేటర్ క్లీనర్ కొట్టకండి, దానికి వేరే స్ప్రే ఉంది. ఇంజిన్‌ను ప్రెషర్ వాటర్‌తో కడిగించడం కూడా మానుకోండి. కడిగించిన మర్నాడే లైట్ వచ్చిన బండ్లు నాకు మూడు తెలుసు.

లైట్ రాదు, కానీ బండి లాగడం లేదు.

నాలుగో గేరులో తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం మిగతా వాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసింది. రెండింటికీ ఈసీయూ దగ్గర కోడ్ లేదు.

రిపేరు నిజంగా అయిందని ఎలా తెలుస్తుంది?

లైట్ ఆరడం లెక్కలోకి రాదు, అది అంతకుముందు కూడా ఆరేది. ఏ పరిస్థితుల్లో వచ్చేదో అవే పరిస్థితుల్లో మళ్లీ నడపాలి. స్కానర్‌లో పెండింగ్ కోడ్‌లు కూడా చూడాలి. ఇంకా లైట్ వేయని అనుమానాలన్నీ అక్కడ ఉంటాయి.

హోస్ మార్చాక నేను సూర్యాపేట దాకా మూడుసార్లు వెళ్లొచ్చాను, మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసుకుని, బండి నిండా మనుషులతో. మూడోసారి మా ఆవిడ రానంది. పెండింగ్‌లో కూడా ఏమీ లేదని చూసుకున్నాకే డిక్కీలో దాచిన పాత హోస్ పారేశాను.